ఎడమ పట్టీ

ప్రాజెక్టు కాలనీ,
బేకరీ పైన గది.
మొదటి ఫోటో అయిన మర్నాడు.

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీర్వాదాలు ఉత్తరం చివర్లో, కోపం తగ్గితే రాస్తాను. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావేమో. ఫోన్లో మనిద్దరం మాట్లాడుకుంటే రెండో నిమిషానికి ఎవరో ఒకరం టప్పున పెట్టేస్తాం. అమ్మ పోయిన దగ్గర్నుంచీ అదే తంతు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా. చింపేయాలన్నా ముందు చదవాలి.

ముందు పని సంగతి. ఇక్కడ కొత్త డ్యామ్‌కి గేట్లు దించారు. లోయలో ఊరు ఖాళీ చేయించారు, నీళ్ళు మెల్లగా ఎక్కుతున్నాయి. నెలకోసారి ఎదురుగా ఉన్న కొండెక్కి, అదే బండ మీద అదే చోట ట్రైపాడ్ పెట్టి, అదే లెన్సుతో అదే ఫోటో తీయాలి. మధ్యలో నీలం తలుపుల ఇల్లు, దాని వెనక బడి. బడి కప్పు మునిగేదాకా తీస్తే మా పత్రికలో అన్నీ వరసగా వేస్తారు. ఒక్క నెల తప్పినా వరస పోయినట్టే, నీళ్ళు నా కోసం వెనక్కి పోవు కదా. ఇన్నేళ్ళూ రిబ్బన్లు కత్తిరించే పెద్దమనుషుల్ని తీశాను. ఇది నాది అని చెప్పుకునే పని ఇప్పటికి దొరికింది. మా ఫోటో ఎడిటర్‌కి నేను కొండెక్కడం ఇష్టం లేదు. "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిప్పలు, డెస్క్ మీదికి వచ్చెయ్యి" అంటాడు. ఆయన నాకంటే పెద్దవాడు, ఒక్క అంతస్తుకి లిఫ్టు కోసం కాచుకునే మనిషి.

ఇప్పుడు అసలు విషయం. ఉద్యోగంలో చేరినప్పటి నా భుజం సంచీ నిన్న కొండ దిగుతుంటే కుట్టు విడిచింది. కెమెరా బండకి కొట్టుకోకుండా పొట్ట అడ్డం పెట్టి ఆపాను. ఇక వీపుకి తగిలించుకునేది కొనక తప్పదని ఇక్కడి పెద్ద షాపుకి వెళ్ళాను. సేల్స్‌మన్ "సారుకా మేడమ్?" అన్నాడు. నాకే అన్నాను. వెంటనే ఊదారంగుది ఒకటి తెచ్చాడు. దాంట్లో నా కెమెరా పెడితే మూత పడదు, అద్దం పెట్టుకోవడానికి మాత్రం ప్రత్యేకంగా ఓ అర ఉంది. పెద్దవి వేసుకుంటే నడుము బెల్టు తొడల మీదికి జారింది, ఛాతీ పట్టీ ఎక్కడ పడకూడదో సరిగ్గా అక్కడే పడింది. "ఖాళీది కదా మేడమ్, బరువు పెడితే సెట్టవుతుంది" అన్నాడు. సరేనని నా సామానంతా కౌంటర్ మీద పెట్టి నింపబోతే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు, జిప్పులు పాడవుతాయట. సామాను పెడితే పాడయ్యే సంచులు దేనికయ్యా, గోడకి తగిలించుకుని దండం పెట్టడానికా అని అరిచి వచ్చేశాను.

కాబట్టి నువ్వే కుట్టాలి. రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, ట్రైపాడ్, వాన కవరు, నీళ్ళు, అన్నీ పట్టాలి. వీపు వైపు నుంచి తెరుచుకోవాలి, నా వెనక నిలబడ్డవాడి చేతికి జిప్పు అందకూడదు. కెమెరా సంచీ అని చూడగానే తెలియకూడదు. రెండో ఫోటో లోపల కావాలి.

నువ్వు సంచుల ఫ్యాక్టరీలో చేరినప్పుడు నేనన్న మాటలు ఇప్పుడు గుర్తుచేయకు.

అక్క

*

సంచుల ఫ్యాక్టరీ,
కటింగ్ టేబుల్ దగ్గర నుంచి.
స్కూలు సంచుల సీజను, ఊపిరాడని రోజులు.

అక్కకి,

గుర్తుచేస్తాను. "అమ్మ దగ్గర అంత చక్కగా కటింగ్ నేర్చుకుని ఆఖరికి గోతాలు కుట్టడానికి పోతావట్రా" అన్నావు. ఇంటి నిండా చుట్టాలుండగా అన్నావు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఊళ్ళో షాపుల్లో గొడవలన్నీ అయ్యాక పెరడు గుర్తొచ్చినందుకు సంతోషం.

ఇప్పుడు గోతాలవాడి మాట విను. సంచీని భుజాలు మోయవు, నడుము మోస్తుంది. బెల్టు నడుము ఎముకల మీద కూర్చోవాలి. భుజం పట్టీలు సంచీ వెనక్కి పడకుండా పట్టుకోవడానికే. బరువైన లెన్సు వీపుకి ఆనుకుని ఉండాలి, బయటి అరలో పెడితే అదే నిన్ను వెనక్కి లాగుతుంది. నువ్వెంత పొడుగన్నది లెక్క కాదు, నీ వీపెంత పొడుగన్నది లెక్క. తల వంచితే మెడ కింద ఒక ఎముక ఉబ్బుగా తగులుతుంది, అక్కణ్ణుంచి నడుము ఎముకల వరస దాకా ఎవరినైనా టేపుతో కొలవమని రాసి పంపు. ఆ షాపువాళ్ళు నీ వీపు వంక చూడనైనా లేదు, అందుకే బెల్టు తొడల మీదికి జారింది. వాళ్ళ తప్పు అంతే. ఊదారంగు తప్పు వేరే.

ఒక ప్రశ్న. ఒకే బండ, ఒకే ఫోటో, ఒకే లెన్సు అని నువ్వే రాశావు. మరి నాలుగు లెన్సులూ రెండు కెమెరాలూ ఎందుకు? కొండ మీద కాపురం పెడుతున్నావా?

తమ్ముడు

*

బేకరీ పైన గది,
అదే వారం.

తమ్ముడికి,

నన్ను ఎవరూ కొలవరు. ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు ఇద్దరే, కింద బేకరీ ఆయన, డ్యామ్ గేటు దగ్గర కాపలా ఆయన. ఇద్దరిలో ఎవరి చేతికి టేపిచ్చి వీపు తిప్పి నిలబడమంటావు? అమ్మ నాకు కుట్టిన మందపాటి చలి జాకెట్ మీ ఇంట్లో కొక్కేనికి వేలాడుతోంది కదా. అది కొలుచుకో. అమ్మ కొలత తప్పదు.

లెన్సుల సంగతి అడిగావు. కొత్తలో ఒకసారి ఒక్క లెన్సుతో వెళ్ళాను. ఎదుటి మేడ మీద మంటలు లేచాయి, నా దగ్గర దూరం లాగే లెన్సు లేదు. పక్క పత్రికాయన్ని ఒక్క నిమిషం ఇమ్మని అడిగాను. "ఆడవాళ్ళకెందుకండీ ఇంత బరువు, మేమున్నాం కదా" అని నవ్వాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. ఆ రోజు నుంచి నా సంచీలో లేని వస్తువు లేదు, నేను ఎవర్నీ ఏదీ అడిగింది లేదు. నీకది కాపురంలా కనపడితే కనపడనీ.

అక్క

*

సంచీ లోపల పెట్టిన చీటీ.

అక్కా,

జాకెట్ కొలిచే కుట్టాను. కొండ దగ్గరికి పోకముందే గదిలో అన్నీ నింపి, తగిలించుకుని, మేడ మెట్లు ఎక్కి దిగు. ముందు బెల్టు బిగించు, తర్వాత భుజం పట్టీలు, ఆఖర్న ఛాతీ పట్టీ. అది పైకీ కిందకీ జరుగుతుంది, నీకెక్కడ హాయిగా ఉంటే అక్కడ పెట్టుకో. నువ్వన్నవన్నీ పట్టాయి. ఇది ఒక మనిషి మోయాల్సిన బరువు కాదని నా లెక్క. నా లెక్క నువ్వెప్పుడు విన్నావు గనక.

*

బేకరీ పైన గది,
రెండో ఫోటో అయిన సాయంత్రం.

ఒరేయ్,

ఏం కుట్టావురా ఇది?

బెల్టు బాగుంది, ఒప్పుకుంటాను. అరలు బాగున్నాయి. వీపు దగ్గర గాలాడుతోంది. కానీ ఎడమ పట్టీ నిలవదు. పది అడుగులు వేస్తే జారుతుంది, ఎగదోసుకుంటాను, మళ్ళీ జారుతుంది. దాన్ని లాగి లాగి బిగిస్తే చంక దగ్గర కోసుకుపోతోంది. కొండెక్కినంత సేపూ ఒక చెయ్యి పట్టీ మీదే. బండ మీదికి చేరేసరికి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి ట్రైపాడ్ కాలు కూడా విప్పలేకపోయాను. చివరికి నోటితో క్లిప్పు తీశాను, తెలుసా? నీళ్ళు నీలం తలుపుల ఇంటి మెట్ల దాకా వచ్చాయి. వెలుగు పోతోంది, ఎడిటర్ ఫోను మోగుతోంది, నేను పళ్ళతో క్లిప్పు తీస్తున్నాను. ఫోటో వచ్చింది, నీ పుణ్యం వల్ల మాత్రం కాదు.

కుడి పట్టీ మంచి శ్రద్ధగా కుట్టి, ఎడమ పట్టీ దగ్గరికి వచ్చేసరికి భోజనం బెల్లు కొట్టారా? స్కూలు సంచులు కుట్టీ కుట్టీ నీ చెయ్యి పిల్లల భుజాలకి అలవాటు పడిపోయింది. అమ్మ బతికుంటే ఈ పట్టీ చూసి నీ చేతిలో కత్తెర లాక్కునేది.

అక్క

*

కటింగ్ టేబుల్.
టీ తాగే వేళ, టీ తాగకుండా.

అక్కా,

ఇంకెవరైనా ఈ మాట అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అమ్మ పేరు ఎత్తావు కాబట్టి విను.

మా కటింగ్‌లో పద్ధతి ఏమిటో తెలుసా? సగమే కొలుస్తాం. కుడి సగం కొలిచి, గుడ్డ మడత పెట్టి, ఆ మడత మీద కత్తిరిస్తాం. విప్పితే రెండు వైపులూ ఒకటే వస్తాయి. రెండు పట్టీలూ ఒక్క కత్తెర దెబ్బకి తెగాయి. ఒక పట్టీ బాగుండి రెండోది బాగుండకపోవడానికి కుదరదు, కావాలని చేద్దామన్నా కుదరదు. అమ్మ నేర్పిన పద్ధతే ఇది. నీ ఉత్తరం వచ్చాక నమూనా కాగితం తీసి మూడుసార్లు మళ్ళీ కొలిచాను, పనివేళలో, సూపర్‌వైజరు చూస్తుండగా. వెంట్రుక వాసి తేడా లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నాడట. కొండ నిటారుగా ఉంటే సంచీది తప్పు. ఎడిటర్ విసిగిస్తే సంచీది తప్పు. చిన్నప్పటి నుంచీ నీ పద్ధతి ఇదే, అత్త మీద కోపం దుత్త మీద. నేను కుట్టిన సంచీ తిన్నగా ఉంది. వంకర ఏదైనా ఉంటే అది సంచీలో లేదు, నీలోనే ఉంది.

తమ్ముడు

*

బేకరీ పైన గది.

నీ సంచీ నీకే పంపిస్తున్నాను. వాడిన సంచీని వాడినట్టే పంపుతున్నాను, ఉతకలేదు. విప్పుకుని నీ మద్దెల ఎంత తిన్నగా ఉందో టేబుల్ మీద పెట్టుకుని చూసుకో.

పాత భుజం సంచీకి చెప్పులు కుట్టే ఆయన చేత కుట్లు వేయించాను. మూడో ఫోటో దాంతోనే తీశాను. నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. నీకు చెప్పాల్సిన అవసరం లేదనుకో.

*

ఇంటి నుంచి,
మరదలు రాస్తున్నది.

వదినకి,

నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి. మీ తమ్ముడు రాయడం లేదు. నాలుగు రోజులుగా ఫ్యాక్టరీ నుంచి రాగానే మీ సంచీ ముందేసుకుని కూర్చుంటున్నారు. పిలిస్తే ఊఁ అంటారు, తిట్టినా ఊఁ అంటారు.

మీరు పంపిన సంచీ వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. కోపంగానే విప్పారు. "చూడు, ఎంత తిన్నగా ఉందో నువ్వే చూడు" అని నాకు చూపించబోయి ఆగిపోయారు. సంచీని బోర్లా తిప్పి భోజనాల బల్ల మీద పెట్టి, పట్టీల మీద చెయ్యి పెట్టి, అలాగే కూర్చున్నారు. కుడి పట్టీ నిండా చెమట ఉప్పు తెల్లగా కట్టి ఉంది. ఎడమ పట్టీ కొత్త గుడ్డలా ఉంది. "అక్క దీన్ని ఒక్క భుజంతో మోసింది" అన్నారు. తర్వాత టేపు తెచ్చి మీ పట్టీ మడతలు కొలవడం మొదలుపెట్టారు. అన్నం తినమంటే నా మీద విసుక్కున్నారు.

వదినా, ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మర్నాడు ఆయన మీ ఆఫీసుకి ఫోన్ చేశారు. మీ ఎడిటర్ గారితో మాట్లాడారు. మీ చెయ్యి పనిచేయడం లేదని, మిమ్మల్ని కొండెక్కనివ్వొద్దని చెప్పారు. నేను వద్దంటూనే ఉన్నాను. ఇది మీకు వేరేవాళ్ళ నోటి వెంట తెలియడం కంటే నా చేత తెలియడం మంచిదనిపించింది.

మీ చెయ్యి నిజంగా తిమ్మిరెక్కుతోందా? ఎన్నాళ్ళ నుంచి?

మీ మరదలు

*

బేకరీ పైన గది,
నీ ఫోన్ సంగతి తెలిసిన రోజు.

తమ్ముడు అనిపించుకునే వాడికి,

నీ పెళ్ళాం ఉత్తరం కంటే ఒక పూట ముందే ఎడిటర్ ఫోన్ వచ్చింది. గొంతులో తేనె కారుతోంది. "ముందే చెప్పొద్దా అమ్మా, మేమేమన్నా పరాయివాళ్ళమా? వచ్చే నెల వేరే ఫోటోగ్రాఫర్ని పంపుతాను, నువ్వు డెస్క్‌లో హాయిగా కూర్చో" అన్నాడు. ఆ బండ ఎక్కడుందో, ట్రైపాడ్ మూడో కాలు ఏ పగుల్లో పెట్టాలో వచ్చేవాడికి నేను చూపించాలట. మూడు నెలలు నేను తీసిన వరసకి ఆఖరి ఫోటో ఇంకొకడు తీసి కింద పేరు వేసుకుంటాడు.

నా నోట్లో మట్టి కొట్టావు. శత్రువైతే ఎదురుగా వచ్చి కొట్టేవాడు, జాగ్రత్తగా తప్పుకునేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కరి ముందు "నాకు చేతకావడం లేదు" అనని దాన్ని. ఆ ఒక్క మాట ఆయన చెవిన పడకూడదనే కదా ఈ చెయ్యి మీద పడుకుని, ఈ చెయ్యి జేబులో పెట్టుకుని, ఈ చేత్తో టీ గ్లాసు పట్టుకోకుండా తప్పించుకు తిరిగాను. అది నువ్వు వెళ్ళి ఆయన చేతిలో పెట్టి వచ్చావు.

ఆ, తిమ్మిరెక్కుతోంది. రెండేళ్ళయింది. ఎడమ చేత్తో జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకున్నాను, మీరంతా బాగుందన్నారు. ఇప్పుడు తెలిసింది కదా. ఏం చేస్తావు తెలుసుకుని? ఇంకెవరికి ఫోన్ చేస్తావు?

నాకు ఉత్తరం రాయకు.

*

కటింగ్ టేబుల్.
రాయొద్దన్న తర్వాత.

అక్కా,

రాస్తాను. ఇష్టం లేకపోతే చింపు, కానీ చింపాలన్నా ముందు చదవాలని నువ్వే అన్నావు.

ఫోన్ చేశాను. తప్పని అనుకోవడం లేదు. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను. నువ్వు నాకు చెప్పావా? నీ మరదలికి చెప్పావా? డాక్టరుకి చెప్పావా? అడిగితే అరుస్తావు. నీకు చెప్పి ఒప్పించగలిగినవాడు ఈ భూమ్మీద లేడు కాబట్టి, నిన్ను ఆపగలిగినవాడికి చెప్పాను. నీ పని పోతుందని తెలిసే చేశాను. పనికంటే చెయ్యి కావాలనిపించింది నాకు. నీకు అనిపించకపోతే అది నీ ఖర్మ.

నీ సంచీ నాతో ఏం చెప్పిందో విను. కుడి పట్టీ నిండా ఉప్పు, ఎడమది శుభ్రం. ఎడమ పట్టీ నైలాను మీద బకిల్ కరిచిన మడత కుడిదానికంటే రెండు వేళ్ళు పైకి ఉంది, అంటే అంత బిగించినా నీ భుజానికి అందలేదు. బెల్టు మీద కుడి వైపు ఫోమ్ నలిగింది, ఎడమ వైపు నలగలేదు. అంటే నీ ఎడమ భుజం కిందికి దిగిపోయింది, నువ్వు దాన్ని కప్పిపుచ్చడానికి కుడి వైపుకి ఒరిగి నడుస్తున్నావు. ఇన్నేళ్ళు ఆ పాత సంచీని ఒక్క ఎడమ భుజానికే వేలాడదీశావు కదా, కుడి చెయ్యి కెమెరాకి ఖాళీగా ఉండాలని. వంకర నీలో ఉందని కోపంలో రాశాను. కోపంలో రాసింది నిజమైంది. ఆ ముక్క రాసిన చేత్తోనే నీ పట్టీలు కొలిచాను, ఎలా ఉండి ఉంటుందో ఆలోచించుకో.

ఈ పార్సిల్లో కొత్త సంచీ ఉంది. ఈసారి మడత పెట్టలేదు. కుడి సగం వేరుగా, ఎడమ సగం వేరుగా కత్తిరించాను. ఎడమ పట్టీ మెడకి దగ్గరగా మొదలవుతుంది, దాని కింద మెత్త దళసరిగా ఉంటుంది. టేబుల్ మీద పెడితే వంకరగా కనపడుతుంది. మా సూపర్‌వైజరు చూసి చెడిపోయిన సరుకనుకుని పక్కన పడేయబోయాడు.

లోపల ఒక కెమెరా, ఒక లెన్సు, నీళ్ళు, వాన కవరు. ట్రైపాడ్ పక్కన కట్టుకోవచ్చు. అంతే. రెండో లెన్సుకి చోటు లేదు. నాకు కుట్టడం రాక కాదు, కావాలనే కుట్టలేదు. అరలు ఊడదీయలేవు, అంటించి పీకేసే వెల్క్రో వేయలేదు, గట్టి దారంతో కుట్టేశాను. ఆ నవ్వినవాడు, వాడి పక్కన నవ్విన నలుగురూ ఇందులో పట్టరు. ఇన్నేళ్ళు వాళ్ళని మోశావు, చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్ళు.

తమ్ముడు

*

బేకరీ పైన గది,
ఆఖరి ఫోటో అయిన రెండో రోజు.

తమ్ముడికి,

కోపం పోలేదు. పోయిందనుకుని పొంగిపోకు.

సంచీ రాగానే కత్తెర తెచ్చి నీ అరలు కోసేద్దామని కూర్చున్నాను. నీ కుట్టు ఎక్కడ మొదలైందో దొరకలేదు. దొరికి ఉంటే కోసేదాన్ని.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నువ్వు చెప్పావని కాదు, డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా ఎడిటర్ నా మాట వినడని. మెడ దగ్గర నరం నలుగుతోందట. ఒక వైపు బరువు వేయడం ఇవాళే మానకపోతే చెయ్యి పూర్తిగా పోతుందన్నాడు. నీ సంచీ తగిలించుకుని చూపించాను. ఇంత బరువైతే, ఇలా నడుము మీద ఉంటే, ఆగి ఆగి ఎక్కమన్నాడు. ఆ కాగితం తీసుకెళ్ళి ఎడిటర్ బల్ల మీద పెట్టాను. "నా చెయ్యి బాగాలేదు. నా తమ్ముడు చెప్పింది నిజం. ఆఖరి ఫోటో నేనే తీస్తాను" అన్నాను. ఈ మాటలు నా నోటి వెంట రావడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఆయన ఒక్క నిమిషం కూడా ఆశ్చర్యపోలేదు. "సరే, వరస పాడు చేయకు" అని ఫోను తీసుకున్నాడు. దీన్ని దాచడానికా నేను టీ గ్లాసులు తప్పించుకు తిరిగింది? ఆయన్ని కొట్టాలనిపించింది.

బడి కప్పు మునిగింది. నీళ్ళ మీద దాని అంచు ఒక గీతలా కనపడుతుండగా ఫోటో తీశాను. అప్పుడే ఒకాయన పడవలో వచ్చి ఆ అంచు దగ్గర ఆగాడు. చెయ్యి నీళ్ళలో పెట్టి కప్పు తడిమాడు. దూరం లాగే లెన్సు ఉంటే ఆయన మొహం దొరికేది. నీ వల్ల దొరకలేదు. ఈ కోపం నాకు చచ్చేదాకా ఉంటుంది, చెప్తున్నాను.

పట్టీ జారలేదు.

సగం కొండ ఎక్కాక ఆగి వెనక్కి చెయ్యి పెట్టి చూసుకున్నాను, సంచీ ఉందా ఎక్కడైనా పడిపోయిందా అని. నొప్పి లేదురా. ఇన్నేళ్ళూ కెమెరా అంటేనే నొప్పి అనుకున్నాను. మోసే ప్రతివాడికీ ఇలాగే ఉంటుంది, మగవాళ్ళు పైకి చెప్పరు, నేనూ చెప్పకూడదు అనుకున్నాను. ఉండక్కర్లేదని తెలిస్తే సంతోషం రావాలి కదా? బండ మీద కూర్చుని కోపంతో ఏడ్చాను. ఎవరి మీదో కూడా తెలియదు.

ఆ కొక్కేనికి ఉన్న జాకెట్ తీసేయి. అది వేసుకున్న తిన్నని మనిషి ఇప్పుడు లేదు. విప్పి గుడ్డ దేనికైనా వాడుకో.

ఆశీర్వాదాలు మరదలికి మాత్రమే.

అక్క

*

ఇంటి నుంచి,
ఆదివారం.

అక్కా,

నువ్వు చెప్పినట్టే జాకెట్ విప్పడానికి కూర్చున్నాను. ముందు చేతులు తీశాను, తర్వాత కాలరు. ఎడమ భుజం దగ్గర బ్లేడు ఆగింది. లైనింగు కింద ఏదో దళసరిగా తగిలింది. విప్పి చూస్తే పాత దుప్పటి గుడ్డ, మడతలు మడతలుగా పెట్టి కుట్టిన మెత్త. కుడి భుజం విప్పాను, అక్కడ ఏమీ లేదు.

అది అమ్మ కుట్టు. ముడి వేశాక దారం కొస లోపలికి లాగేయడం ఆవిడకొక్కదానికే అలవాటు. కానీ జాకెట్ కుట్టినప్పుడు పెట్టింది కాదు, దారం రంగు వేరు. తర్వాతెప్పుడో నువ్వు ఇంటికి వచ్చి, జాకెట్ కుర్చీ మీద పడేసి నిద్రపోయినప్పుడు, లైనింగు విప్పి పెట్టి మళ్ళీ కుట్టేసింది. ఆ జాకెట్లో నువ్వు తిన్నగా కనపడటానికి కారణం అదీ. నేను కొలిచింది కుడి సగం. ఎడమ భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి ఉన్నా నాకు అప్పుడే తెలిసేది.

అమ్మకి తెలుసక్కా. నీ భుజం దిగిపోవడం మనందరికంటే ముందు ఆవిడ కళ్ళకే కనపడింది. చెప్తే నువ్వు అరుస్తావని, ఆ ఉద్యోగం మానిపించడానికే అంటున్నావని గొడవ చేస్తావని, చెప్పకుండా మెత్త పెట్టి పైకి తిన్నగా కనపడేలా చేసి ఊరుకుంది. నీ మరదలు అది చేత్తో పట్టుకుని చూసి, "పాపం అత్తయ్య" అంది. నేను పాపం అనలేకపోయాను. జీవితంలో మొదటిసారి అమ్మ మీద పట్టరానంత కోపం వచ్చింది. ఎవరి మీద అరవను? ఆ మెత్తని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పారేస్తావో దాచుకుంటావో నీ ఇష్టం.

నేను మాత్రం మెత్త పెట్టి ఊరుకోలేదు. అరిచాను, ఆఫీసుకి ఫోన్ చేశాను, నీ రెండో లెన్సుకి చోటు లేకుండా కుట్టాను. నీకు కోపం ఉంటుంది, ఉండనీ.

దీనికి ఉత్తరం రాయకు. ఈసారి ఫోన్ చెయ్యి. ఎంత అరిచినా పెట్టేయను.

తమ్ముడు